మచ్చ కనపడింది నాలుగో రోజు, దెబ్బ పడింది మొదటి రోజే

మా అవ్వ చంద్రగిరి పక్కన పల్లెలో, పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. వయసు 78. డెబ్బై దాటాక కూడా శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లూ ఎక్కి కొండకు పోయొచ్చిన మనిషి. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. రక్తం పలచబడే మందు ఆపాలి, ఎకో తీయాలి, మత్తు డాక్టరు సరేననాలి అని రెండు రోజులు పోయాయి. మూడో రోజు ఆపరేషన్. బాగా జరిగిందన్నారు. నాలుగో రోజు రాత్రి, డ్యూటీ సిస్టర్ దుప్పటి మార్చడానికి అవ్వను పక్కకు తిప్పి అలాగే ఆగిపోయింది. నడుము కింద, తోక ఎముక మీద, అరచేతిలో సగమంత నల్లగా కమిలిన మచ్చ.

"ఇదెప్పట్నుంచి ఉంది సార్?" అని అడిగింది. మాలో ఎవరికీ తెలీదు. "వేడి చేసుంటుంది సామీ, నాలుగు రోజులుగా మంచం మీదే ఉంది గదా, కొబ్బరినూనె రాస్తే పోతుంది" అనింది మా పెద్దమ్మ. నాకేమో ఆ సిస్టర్ మీదే కోపం, ముందు రోజు రాత్రి కూడా ఆమే డ్యూటీ కాబట్టి.

ఆ కోపం తప్పని తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఇలాంటి లోతు దెబ్బ పైకి కనపడటానికి సాధారణంగా 48 నుంచి 72 గంటలు తీసుకుంటుంది. అంటే నాలుగో రోజు రాత్రి కనపడిన మచ్చకు వెనక్కి లెక్కేసుకుంటే, అది పడింది మొదటి రోజు రాత్రికీ రెండో రోజు రాత్రికీ మధ్య. క్యాజువాల్టీలో గట్టి స్ట్రెచర్ మీద ఆరు గంటలు, ఎక్స్‌రే బల్ల మీద కొంతసేపు, ఆ తర్వాత నొప్పికి కదల్లేక ఒకే తీరుగా వెల్లకిలా ఒక రాత్రి. ఆ గంటల్లో మేమంతా పక్కనే ఉన్నాం. "కదలొద్దవ్వా, కదలొద్దు" అని చెప్తూ కూర్చున్నాం.

దీన్ని మనం బెడ్ సోర్ అంటాం, తెలుగులో పడక పుండు. నాకిప్పుడు ఈ రెండు మాటలూ నచ్చవు. పడక అనగానే తప్పంతా పరుపుదనిపిస్తుంది, కానీ ఇది కుర్చీలో కూర్చున్నా వస్తుంది, ఆక్సిజన్ మాస్కు నొక్కుకున్న ముక్కు దూలం మీదా వస్తుంది, తొడ కింద నలిగిన యూరిన్ ట్యూబు వెంబడీ వస్తుంది. ఇక పుండు అనే మాటతో చిక్కేమిటంటే, తోలు లేచి రసి కారేదాకా మనం దాన్ని పుండు అనుకోం, కాబట్టి అప్పటిదాకా ఏమీ కాలేదనే అనుకుంటాం. డాక్టర్లకూ ఇదే ఇబ్బంది వచ్చినట్టుంది. అమెరికాలో ఈ పుండ్లకు దశలు నిర్ణయించే నేషనల్ ప్రెజర్ అల్సర్ అడ్వైజరీ ప్యానెల్ 2016లో 'అల్సర్' అనే మాట తీసేసి 'ఇంజురీ' అని పెట్టింది, 2019లో తన పేరులో కూడా ఆ మాట మార్చుకుంది. తోలు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కూడా లోపల గాయం అయిపోయి ఉండొచ్చనేది అందులో విషయం. మొదటి దశలో తోలు రంగు మాత్రమే మారుతుంది, రెండో దశలో పై పొర లేస్తుంది, మూడో దశలో కొవ్వు దాకా, నాలుగో దశలో కండ, ఎముక దాకా పోతుంది. వీటికి పక్కన ఇంకోటుంది, లోతు దెబ్బ. పైన తోలు లేవకుండానే ఉంటుంది, కానీ ఊదా రంగో నలుపో తిరుగుతుంది, తర్వాత ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. మా అవ్వది అదే.

చిత్తూరు జిల్లా వాళ్లకు దీన్ని మామిడికాయతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. గంపలో అడుగున ఉన్న తోతాపురి కాయను తీసి చూడండి. పైన తొక్క నిగనిగలాడుతూ ఉంటుంది, కోస్తే టెంక దగ్గర కండ గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉంటుంది. మన ఒంట్లోనూ అంతే, ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట బరువంతా ఆ కొద్దిపాటి జాగాలో పడుతుంది, ఎముకకు ఆనుకున్న కండ తోలుకంటే ముందు దెబ్బ తింటుంది. కండకు రక్తం ఎక్కువ కావాలి, అది ఆగితే తోలంతసేపు తట్టుకోలేదు.

ఎంత ఒత్తిడి, ఎంతసేపు? చాలా పుస్తకాల్లో 32 అనే అంకె కనపడుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, 32 మిల్లీమీటర్లు, అంతకు మించి నొక్కితే రక్తం ఆగిపోతుందని. ఆ అంకె 1930లో ల్యాండిస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతుల చేతిగోళ్ల మొదట్లో కొలిచింది. గోరు మొదట్లో కొలిచినదాన్ని తొంభై ఏళ్లుగా తోక ఎముకకు అంటగట్టుకుంటూ వచ్చాం. 1959లో కోసియాక్ అనే డాక్టరు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి తేలింది. ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు, తక్కువ ఒత్తిడి చాలాసేపు, రెండూ ఒకే నష్టం చేస్తాయి. ఈ మధ్య వచ్చిన పరిశోధనలు ఇంకో అడుగు ముందుకు పోయాయి. రక్తం ఆగి కండ చావడానికి గంటలు పడితే, బాగా గట్టిగా నలిగిన కణాలు రక్తంతో సంబంధం లేకుండానే, అంతకంటే చాలా తక్కువ సమయంలో దెబ్బ తింటాయట. గట్టి స్ట్రెచర్ ఎందుకంత ప్రమాదమో దీంతో తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, దీన్ని ఇళ్లల్లో అసలు పట్టించుకోం. అన్నం పెట్టడానికి మంచం తలవైపు పైకి లేపుతాం కదా, పది నిమిషాలకు మనిషి కిందికి జారుతుంది. తోలేమో చెమటతో రెక్సిన్ పరుపుకు అంటుకుని అక్కడే ఉంటుంది, లోపల ఎముక మాత్రం జారుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న రక్తనాళాలు మెలిపడి సాగుతాయి. తర్వాత మనం చంకల కింద చేతులు పెట్టి "ఒకటి, రెండు, మూడు" అని పైకి లాగుతాం, ఈసారి ఇంకోవైపు సాగుతాయి. అందుకే భోజనం వేళ తప్ప మంచం తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి ఉంచొద్దంటారు. జరపాలంటే ఇద్దరు చెరోవైపు నిలబడి, ఒంటి కింద మడిచి వేసిన దుప్పటిని పట్టుకుని ఎత్తి జరపాలి, లాగకూడదు.

చామనఛాయ, నలుపు ఒంటి మీద ఇది ఇంకా కష్టం. చదివిన ప్రతిచోటా మొదటి గుర్తు "ఎర్రబడటం, వేలితో నొక్కితే తెల్లబడకపోవడం" అని ఉంటుంది. మనలో చాలామంది ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనపడుతుంది, నొక్కితే తెల్లబడేదెక్కడ? చూడాల్సింది వేరే. పక్కనున్న తోలుకంటే ఆ చోటు రంగు ఏమైనా మారిందా, కొంచెం ముదురుగా, ఊదాగా, బూడిద రంగుగా ఉందా. చేతి వెనక భాగం ఆనించి చూస్తే పక్కదానికంటే వెచ్చగానో చల్లగానో ఉందా. గట్టిపడిందా, లేదా పచ్చి పిండిలా మెత్తబడిందా. ముట్టుకుంటే మనిషి ముఖం చిట్లిస్తోందా. సెల్‌ఫోన్ టార్చి వేసుకుని రోజుకు రెండుసార్లు చూడాలి, తోక ఎముక, రెండు తుంట్లు, మడమలు, మోచేతులు, తల వెనక, చెవుల అంచులు. మొలతాడు ముడి, చేతికి కట్టిన తాయెత్తు, మెట్టెలు కూడా చూసుకోవాలి. దేవుడి దారం తీయమంటే ఇంట్లో గొడవవుతుంది, తీయకపోయినా ఒంటి కింద పడకుండా పక్కకు జరపొచ్చు.

సరే, తిప్పాలి. ఎంతసేపటికి? అందరికీ తెలిసిన జవాబు రెండు గంటలు. ఈ లెక్క ఎక్కువగా వెన్నుపూస దెబ్బల వైద్యం నుంచి వచ్చింది. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ నడుము కింద చచ్చుబడిన సైనికులను రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి తిప్పించేవాడు, పారాలింపిక్స్‌కు మూలపురుషుడు కూడా ఆయనే. అప్పటిదాకా అలాంటివాళ్లు పుండ్లతో, మూత్ర ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోవడం మామూలు. కానీ రెండు గంటలనేది శిలాశాసనం కాదు. 2013లో అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో 942 మంది వృద్ధుల మీద చేసిన అధ్యయనంలో, మంచి దట్టమైన ఫోమ్ పరుపులుంటే రెండు, మూడు, నాలుగు గంటల తేడాతో తిప్పినా పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది ఆ పరుపు మీద లెక్క. గుంటలు పడిన రెక్సిన్ పరుపు మీద నాలుగు గంటలు వదిలేయొచ్చని దానర్థం కాదు.

ఇక్కడే నాకు అసలు విషయం వెలిగింది. తిప్పడమంటే ఒత్తిడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం, అంతే. మనిషి అలాగే పడి ఉంటుంది. లేపడం వేరు.

ఆసుపత్రుల్లో పుండు వచ్చే అవకాశాన్ని లెక్కగట్టడానికి బ్రేడెన్ స్కేలు వాడతారు, 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ప్రచురించింది. ఆరు విషయాలు చూసి మార్కులేస్తారు, 6 నుంచి 23 దాకా, మామూలుగా 18 లేదా అంతకంటే తగ్గితే జాగ్రత్త పడాలి. నొప్పి తెలుస్తోందా, ఒళ్లు తడిగా ఉంటోందా, మంచం దిగుతోందా, మంచంలో తనంతట తాను కదులుతోందా, ఎంత తింటోంది, ఎంత జారుతోంది. ఇప్పుడు ఆ మనిషిని రోజుకు మూడుసార్లు లేపి కుర్చీలో కూర్చోబెట్టామనుకోండి, ఈ ఆరింటిలో ఎన్ని మారతాయో చూడండి. మంచం దిగడం సరే. కూర్చుంటే నిటారుగా ఉండి నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది, పొలమారడం తగ్గుతుంది. బాత్రూముకో, మంచం పక్కన పెట్టిన కమోడ్ కుర్చీకో పోతే ప్యాడ్ తడవదు, యూరిన్ ట్యూబు తీసేయొచ్చు. పగలు మెలకువగా ఉంటుంది కాబట్టి నొప్పి పుట్టినచోట తనే సర్దుకుంటుంది. ఎయిర్ బెడ్, అంటే మోటారుతో గాలి నింపే పరుపు, ఒత్తిడిని మాత్రమే తగ్గిస్తే, లేపడం ఈ ఆరింటిలో నాలుగైదింటిని కదిలిస్తుంది. పుండు ఒక్కటే కాదు, కాళ్లల్లో గడ్డకట్టే రక్తం, ఊపిరితిత్తుల్లో చేరే నెమ్ము, మలబద్ధకం, రాత్రిళ్లు మతి చెదిరి మాట్లాడటం, ఇవన్నీ ఆ పడుకోవడానికి చుట్టాలే. కండ సంగతైతే భయమేసేలా ఉంటుంది. 2007లో ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసువాళ్లను 10 రోజులు మంచం మీద ఉంచి కొలిస్తే ఒక్క కాళ్లల్లోనే కిలోకు దగ్గరగా కండ పోయింది. జబ్బు లేనివాళ్ల సంగతి అది.

మరి రోగం వస్తే పడుకోవాలనే నమ్మకం మనకెక్కడిది? మన అవ్వలు కనిపెట్టింది మాత్రం కాదు. ఒకప్పుడు అదే వైద్యం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం చూసే ఉంటారు, 1910లలో మిషనరీలు క్షయ రోగుల కోసం పెట్టింది. మందు లేని రోజులు కాబట్టి మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం, ఇదే చికిత్స. 1950లలో మందులొచ్చాక మద్రాసులో ఒక పెద్ద ప్రయోగం చేశారు, కొందరికి శానిటోరియంలో విశ్రాంతి, మంచి ఆహారంతో పాటు మందులు, కొందరికి ఇరుకు ఇళ్లల్లోనే, పనులు చేసుకుంటూ అవే మందులు. 1959లో ఫలితాలు వస్తే రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నారు. క్షయకు మంచం అక్కర్లేదని ప్రపంచానికి చెప్పింది మన పక్క ఊరి ప్రయోగమే. గుండెపోటుకూ అంతే, వారాల తరబడి కదలొద్దనేవాళ్లు, 1952లో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగులను తొందరగా చేతుల కుర్చీలో కూర్చోబెట్టి చూపించాకే ఆ పట్టు సడలింది. అంతకు ముందే 1947లో రిచర్డ్ ఆషర్ అనే లండన్ డాక్టరు మంచం వల్ల ఒక్కో అవయవానికీ ఏం నష్టమో వరసపెట్టి రాశాడు. డాక్టర్లు మారారు, మన పరామర్శలు మారలేదు. బ్రెడ్డు, ఆపిల్ పండ్లు పట్టుకొచ్చిన ప్రతి చుట్టమూ "పండుకోనీ పాపం, లేపొద్దండి" అనే చెప్పి పోతారు.

అట్లని వెంటనే లేపి పరిగెత్తించమని కాదు. ఇంటర్నెట్లో చదివినవాళ్లు ఇక్కడే తప్పుదారి పడతారు. 2009లో వెంటిలేటర్ మీదున్న 104 మందిలో కొందరికి మొదటి రోజుల నుంచే మత్తు తగ్గించి వ్యాయామం చేయిస్తే, ఆసుపత్రి వదిలేనాటికి తమ పని తాము చేసుకోగలిగినవాళ్లు 59 శాతం, మామూలుగా చూసిన గుంపులో 35 శాతం. అందరూ సంబరపడ్డారు. 2022లో 750 మందితో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది, ఐసీయూలో రోజుకు దాదాపు 21 నిమిషాలు కదిలించిన గుంపుకూ, 9 నిమిషాల దాకా కదిలించిన గుంపుకూ ఫలితంలో తేడా లేదు, పైగా ఎక్కువ కదిలించినవాళ్లలో గుండె లయ తప్పడం, బీపీ హెచ్చుతగ్గులు కావడం వంటివి ఎక్కువ. పక్షవాతంలో 2015 నాటి అధ్యయనం, 2,104 మంది. 24 గంటల్లోపే, ఎక్కువసేపు, పదేపదే లేపినవాళ్లు మిగతావాళ్లకంటే కొంచెం వెనకబడ్డారు.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనపడతాయి కానీ, చూస్తే కాదు. తర్వాతి రెండింటిలోనూ పోల్చింది కదిలించడానికీ కదిలించకపోవడానికీ మధ్య కాదు, కొంచెం కదిలించడానికీ చాలా కదిలించడానికీ మధ్య. పక్షవాతం అధ్యయనంలో 'మామూలు' గుంపును కూడా సగటున ఒక రోజు లోపే లేపడం మొదలుపెట్టారు. తర్వాత ఆ లెక్కలనే తిరగేస్తే, ఒక్కసారి ఎక్కువసేపు కంటే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు లేపినవాళ్లే బాగున్నారు. అలిపిరి దారిలో మోకాళ్ల మెట్టు ఎక్కే ముసలివాళ్లను చూడండి, నాలుగు మెట్లు, ఒక నిట్టూర్పు, మళ్లీ నాలుగు మెట్లు. కుర్రాళ్లు ఒక్క ఊపున ఎక్కి పైన ఆయాసపడుతుంటే వీళ్లు గోవిందా అనుకుంటూ చేరుకుంటారు. రోగిని లేపడం కూడా ఈ ముసలివాళ్ల పద్ధతిలోనే ఉండాలి. ఇంకో మాట నిజాయితీగా చెప్పుకోవాలి, ఈ పెద్ద అధ్యయనాలు ముఖ్యంగా కొలిచింది పుండ్లను కాదు, మనిషి ఎంత కోలుకున్నాడని. లేపితే పుండు తగ్గుతుందనేది ఎక్కువగా ఒంటి లెక్కల నుంచి, వార్డు అనుభవాల నుంచి వచ్చిన తీర్పు. నాకది చాలు.

డాక్టరు ఒప్పుకోకుండా లేపకూడనివాళ్లున్నారు. వెన్నుపూస దెబ్బ తగిలి ఇంకా బిగించనివాళ్లు, ఎముక విరిగి ఇంకా కట్టో ప్లేటో పడనివాళ్లు, బీపీ నిలబెట్టడానికి గట్టి మందులు ఎక్కుతున్నవాళ్లు, రక్తస్రావం ఆగనివాళ్లు, ఛాతీనొప్పి ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చి ఒక రోజు దాటనివాళ్లు. వీళ్లను అడగకుండా దించొద్దు. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు ఈ లెక్కలోకి రారు. బ్రిటన్ మార్గదర్శకాలు 2011 నుంచీ ఆపరేషన్ మర్నాడే లేపమంటున్నాయి. మాకు కూడా డాక్టరు రౌండ్సులో "రేపట్నుంచి నడిపించండి" అనే చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం ఫిజియో వచ్చాడు, అవ్వ నొప్పని ఏడ్చింది, మేం "ఈ రోజుకు వద్దులే సార్" అన్నాం, ఆయన ఫైల్లో ఏదో రాసుకుని పోయాడు. నొప్పి మాత్ర ఆయన రావడానికి ముప్పావు గంట ముందు ఇప్పించుకుని ఉంటే ఆ రోజే లేచేదని తర్వాత తెలిసింది. అంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఒక స్కేలు వాడతారు, నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అటెండెంటు కూడా దాన్ని గుర్తుపెట్టుకోవచ్చు. పడుకునే ఉంటే 1, మంచంలోనే ఏదైనా కదలిక చేస్తే 2, మంచం అంచున కూర్చుంటే 3, కుర్చీలోకి మారితే 4, ఒక నిమిషం నిలబడితే 5, పది అడుగులేస్తే 6, కొంచెం దూరం నడిస్తే 7, 250 అడుగుల దూరం (దాదాపు 76 మీటర్లు) నడిస్తే 8. నడవడమే లేవడం అనుకునేవాళ్లం మేము, అందుకే నడవలేదు కాబట్టి పడుకోబెట్టాం. మధ్యలో ఇన్ని మెట్లున్నాయని తెలిస్తే కనీసం మూడు దాకా తెచ్చేవాళ్లం.

మొదటిసారి లేపేటప్పుడు తొందరపడకూడదు. తలవైపు మంచాన్ని నిదానంగా ఎత్తి కాసేపు ఆగాలి, పక్కకు తిప్పి కాళ్లు కిందికి వేలాడదీయాలి, మళ్లీ ఆగాలి. కళ్లు తిరుగుతున్నాయా, చెమట పడుతోందా, మాట సరిగ్గా ఉందా అని అడుగుతూ ఉండాలి. తిరుగుతుంటే పడుకోబెట్టేయడమే, సాయంత్రం మళ్లీ చూడొచ్చు. ట్యూబులు, సెలైన్ పైపు ఎటువైపున్నాయో ముందే చూసుకోవాలి. చంక కింద చేయి పెట్టి ఎత్తితే భుజం జారొచ్చు, నడుముకు కట్టే బెల్టు ఉంటే దాన్ని పట్టుకోవాలి, లేకపోతే సిస్టర్ని పిలవాలి. ఇంకొకటి, కుర్చీలో కూర్చోబెట్టి మర్చిపోతే అది కూడా పడకే. ఎక్కడైనా తోలు దెబ్బతిని ఉంటే ఒక్కో దఫా గంటకు మించొద్దంటారు, మధ్యమధ్య అటూ ఇటూ బరువు మార్చాలి.

కాళ్లు కదలనివాళ్ల సంగతేంటని అడగొచ్చు. చిత్తూరు వాళ్లకు రాయవేలూరు (వెల్లూరు) దగ్గరే కదా, అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో 1966లో పునరావాస కేంద్రం మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద స్పర్శ పోగొట్టుకుని, చక్రాల కుర్చీలోనే సర్జరీలు చేసిన మనిషి. అలాంటివాళ్లకు నొప్పి హెచ్చరిక రాదు, కాబట్టి గడియారమే నొప్పి. కుర్చీ చేతుల మీద ఒంటిని ఎత్తుకోవడం, ముందుకూ పక్కకూ వంగడం లాంటివి రోజంతా అలవాటుగా చేసుకుంటారు. వాళ్లకు లేవడమంటే అదే.

మేం కొన్నవాటి గురించి కూడా చెప్పాలి, ఆసుపత్రి ఎదురుగా మెడికల్ షాపులో డబ్బులు బాగానే తగలేశాం. నడుమ బెజ్జం ఉండే గాలి రింగు కొన్నాం, అది వద్దు. మధ్యలో ఖాళీ ఉన్నా, చుట్టూ ఉన్న అంచు నొక్కి ఆ మధ్య భాగానికే రక్తం పోనివ్వదు. మడమల కింద నీళ్లు నింపిన గ్లౌజులు పెట్టారు, అదీ వద్దు, పిక్కల కింద పొడవుగా దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడాలి. కమిలినచోట స్పిరిట్ పోసి, పౌడర్ చల్లి గట్టిగా రుద్దడం పాత అలవాటు, లోపల నలిగిన కండను ఇంకా నలిపినట్టవుతుంది. పక్కకు తిప్పేటప్పుడు పూర్తిగా తుంటి మీదకు కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలితే చాలు. ఎయిర్ బెడ్ మంచిదే, ఆల్ఫా బెడ్ అని కూడా అంటారు, కానీ కరెంటు పోయి మోటారు ఆగిందేమో, గాలి తగ్గి ఒళ్లు కింది మంచానికి తగులుతోందేమో చేయి దూర్చి చూడాలి. దాని మీద మూడు దుప్పట్లు, ఒక రబ్బరు షీటు పరిస్తే డబ్బులు దండగ. దానికంటే పెద్ద చిక్కు, ఎయిర్ బెడ్ వేశాక ఇక లేపక్కర్లేదనుకుంటాం.

తిండి విషయం రెండు ముక్కల్లో. పుండు భయం ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 62 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు. ఇడ్లీ, కొబ్బరినీళ్లు, బ్రెడ్డుతో ఎంత దూరం పోతాం? పప్పు, పెరుగు, గుడ్డు, చికెన్ తినేవాళ్లకు చికెన్ పెట్టాలి, కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడిగాకే.

మరి ఇదంతా ఎవరి పని? వార్డులో రాత్రిపూట ఒకరో ఇద్దరో సిస్టర్లు, ఇంజెక్షన్లు, సెలైన్లు, ఫైళ్లు. ఫిజియో రోజుకొకసారి. ఆయమ్మలు సరిపోరు. మిగిలింది మంచం కింద చాప వేసుకుని పడుకునే అటెండెంటు. మన ఆసుపత్రుల్లో కదలిక అనే మందును వేసేది అతనో ఆమెనో, దానికి చీటీ ఎవరూ రాయరు. అమెరికాలో 2008 అక్టోబరు నుంచి, ఆసుపత్రిలో చేరాక వచ్చిన మూడో, నాలుగో దశ పుండుకు మెడికేర్, అంటే పెద్ద వయసువాళ్ల ప్రభుత్వ బీమా, అదనపు డబ్బు ఇవ్వడం మానేసింది. అంటే ఖర్చు ఆసుపత్రి మీద పడింది, దాంతో ఒళ్లు చూడటం, తిప్పడం, రాసిపెట్టడం వాళ్ల పనైంది. ఇక్కడ ఆ ఖర్చు మా మీద పడింది. నేనేదో సిస్టర్లను తిడుతున్నానని కాదు, ఆ రాత్రి మచ్చను మొదట చూసింది ఆమే. కానీ చేర్చుకున్నప్పుడే వీపు చూసి రాయడం, లేపే టైములు చీటీలో మందుల పక్కనే పెట్టడం, అటెండెంటుకు పది నిమిషాలు నేర్పించడం, ఇవి పెద్ద యంత్రాలు కావలసిన పనులు కావు. మీరైతే రౌండ్సులో మూడే అడగండి: ఈ రోజు ఎంతవరకు లేపొచ్చు, యూరిన్ ట్యూబు ఇంకా అవసరమా, నొప్పి మాత్ర ఫిజియో టైముకు ముందు ఇస్తారా.

మా అవ్వ మచ్చ పదో రోజున తెరుచుకుంది. లోపల గుంత. ఇంటికి తీసుకొచ్చాక డ్రెస్సింగులు, ఇంటికొచ్చే సిస్టర్, గోడకు టీటీడీ క్యాలెండరు తిరగేసి తగిలించి దాని వెనక మా అమ్మ రాసిన టైములు, ఎడమ, కుడి, కుర్చీ, ఎడమ. మూడు నెలలకు పైగా పట్టింది పూడటానికి. పూడిన తోలు ముందున్నంత గట్టిగా ఉండదని, మళ్లీ అక్కడే రావొచ్చని చెప్పారు కాబట్టి, ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి ఆమెకో అలవాటు చేసింది. టీవీలో సీరియల్ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడల్లా వాకర్ పట్టుకుని లేచి నిలబడాలి, సీరియల్ మొదలైతే కూర్చోవచ్చు. నిన్న కూడా నిలబడి, టీవీ వైపు కోపంగా చూస్తూ, "ఈ సబ్బు బిళ్లను ఎంతసేపు చూపిస్తార్రా వీళ్లు" అని తిడుతోంది.